శ్రీకాకుళంలో వ.పా. బొమ్మల గది

వ.పా.గా పేరుపొందిన చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారు 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో పుట్టారు. చందమామ ముఖచిత్రాల ద్వారా, యువ మాసపత్రిక దీపావళి సంచికల ద్వారా ఆయన బొమ్మలు తెలుగు చదవగలిగిన ఇళ్లన్నిటికీ చేరాయి. ఆ బొమ్మలను ఒకేచోట నిలబడి వరుసగా చూసే అవకాశం మాత్రం చాలా అరుదు. అందుకే పట్టణంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన ఇంటి ముందు గదిలో నడుపుతున్న చిన్న ప్రదర్శనశాల గురించి కొంత వివరంగా రాయాలనిపించింది. అది నివాసగృహం కనుక చిరునామా ఇవ్వడం లేదు. ఊళ్లో బొమ్మలు నేర్పే మాస్టార్లలో ఎవరిని అడిగినా దారి చెబుతారు.

గది పెద్దది కాదు. మూడు గోడల మీద చట్రాలు కట్టిన ముఖచిత్రాలు, నాలుగో గోడకు ఆనించి పాత సంచికలు పేర్చిన అద్దాల బీరువా, మధ్యలో ఒక పొడవాటి బల్ల ఉన్నాయి. గోడల మీద ఉన్నవాటిలో అధికభాగం పత్రికల నుంచి తీసిన అచ్చు ప్రతులే కాగా, వ.పా. స్వయంగా రంగులు వేసిన అసలు చిత్రాలు రెండే రెండు. ఇది లోటని అనుకుని లోపలికి వెళ్లినవారికి ఆ బల్ల దగ్గరే అభిప్రాయం మారుతుంది. ఆ రెండు అసళ్లలో ఒకదాన్ని, దాన్నుంచే పత్రికలో వచ్చిన అచ్చును అక్కడ పక్కపక్కన పెట్టి, మధ్యలో ఒక భూతద్దం ఉంచారు. "ముందు అచ్చు చూడండి బాబూ, ఆ తర్వాతే అసలు చూడండి" అని మాస్టారు చెప్పారు. ఆ వరుసలో చూడడం వల్ల కలిగే ప్రయోజనం పెద్దది.

బొమ్మలో ఒక స్త్రీ చెట్టు కొమ్మ పట్టుకుని నిలబడి ఉంటుంది. భూతద్దం కింద అచ్చు ప్రతి నీలం, ఎరుపు, పసుపు, నలుపు చుక్కలుగా విడిపోతుంది. ఎరుపు అచ్చు వెంట్రుకవాసి పక్కకు జరగడం వల్ల పెదవి అంచు రెండుగా కనబడుతుంది, భుజం మీది పలుచని పైట నేపథ్యంలోని నీలంలో కలిసిపోతుంది. అసలు చిత్రంలో ఆ పైట చక్కగా విడిగా ఉంది. కింద చర్మం రంగు పూర్తిగా వేసి, దాని మీద నీళ్లెక్కువ కలిపిన లేత ఆకుపచ్చను ఒకే పూతగా లాగి, మడతలు పడే చోట మాత్రమే రెండోసారి కుంచె తాకించారు. మెడలోని ముత్యాలలో ప్రతిదానికీ ఒక బూడిదరంగు నీడ, దాని పైన చిట్టి తెల్లచుక్క ఉన్నాయి. ఆ తెల్లచుక్కలన్నీ వెలుగు వచ్చే దిక్కుకే ఉండడం గమనిస్తే, అచ్చులో పోతుందని తెలిసి కూడా ఆయన ఎంత శ్రద్ధ పెట్టారో అర్థమవుతుంది. అనకాపల్లి దగ్గరి కశింకోటలో ఉంటూ మద్రాసులో అచ్చయ్యే పత్రికలకు పని చేసిన ఈ చిత్రకారుణ్ణి మనలో అధికులం అచ్చుయంత్రం మిగిల్చినంత మేరకే ఎరుగుదుము. ఆ సంగతిని ఇంత స్పష్టంగా చూపించే ఏర్పాటు నేను మరెక్కడా చూడలేదు. ఈ ఒక్క బల్ల కోసం దూరం నుంచి వచ్చినా శ్రమ వృథా కాదు.

గోడల మీది వరుస కూడా ఆలోచించి పెట్టినదే. పురాణ ఘట్టాలు ఒకవైపు, నాయికలు, ఋతువుల బొమ్మలు మరోవైపు ఉన్నాయి. 1947 జులైలో మొదలైన చందమామకు ఎం.టి.వి. ఆచార్య గారు వేసిన ముఖచిత్రాలు కొన్నింటిని మొదట ఉంచి, ఆ తరువాత వ.పా. చిత్రాలను మొదలుపెట్టడం వల్ల ఇద్దరి మధ్య తేడా మాటలతో పని లేకుండానే తెలుస్తుంది. ఆచార్య గారి బొమ్మల్లో శరీర నిర్మాణానికి, కండరాల బలానికి ప్రాధాన్యం ఎక్కువ. వ.పా. బొమ్మల్లో మొదట పలకరించేది రంగు, ఆ తరువాతే గీత. బీరువాలో ఇతర భాషల చందమామలు కూడా ఉన్నాయి. ఒకే ముఖచిత్రం వేరే లిపిలోని పేరు కింద కనబడినప్పుడు, ఉత్తరాంధ్రలో ఒక మూల కూర్చుని వేసిన బొమ్మ దేశంలో ఎంత దూరం వెళ్లిందో ఊహకు అందుతుంది.

అయితే కొన్ని విషయాల్లో నిర్వాహకులు వెంటనే శ్రద్ధ వహించాలి. పడమటి కిటికీకి తెర లేదు. మధ్యాహ్నం తరువాత ఎండ నేరుగా ఋతువుల వరుస మీద పడుతోంది. వెలుతురుకు అచ్చు సిరాల్లో పసుపు, ఎరుపు ముందుగా వెలిసిపోతాయి కనుక, ఆ గోడ మీది బొమ్మలు ఇప్పటికే నీలం తిరిగాయి. చూసేవారు అది చిత్రకారుడి రంగుల ఎంపిక అనుకునే ప్రమాదం ఉంది. ఒక మందపాటి తెర వేయడం, ఏడాదికోసారి గోడల మీది ప్రతులను బీరువాలోని వాటితో మార్చడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. కొన్ని ప్రతులకు లామినేషన్ చేయించడం మరింత బాధ కలిగించింది. వేడితో అతుక్కున్న ఆ ప్లాస్టిక్ పొరను కాగితం పాడవకుండా విడదీయడం దాదాపు అసాధ్యం. పాత సంచికల పిన్నులు తుప్పు పట్టి నడిమి పేజీలకు మరకలు పాకుతున్నాయి. వాటిని తీసి నూలు దారంతో కుట్టించడం మంచిది.

బొమ్మల కింద పేర్లు రాశారు కానీ, ఏ పత్రిక, ఏ నెల, ఏ సంవత్సరం అన్నది చాలావాటికి లేదు. సంచికలు బీరువాలోనే ఉన్నాయి కనుక ఆ వివరాలు ఎక్కించడం కష్టం కాదు. తేదీలు ఉంటే ఆయన రంగులు కాలంతో పాటు ఎలా మారాయో పరిశీలించాలనుకునే విద్యార్థికి ఈ గది నిజమైన ఆధారం అవుతుంది.

ప్రవేశ రుసుము లేదు. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు. పిల్లలకు కాగితం, పెన్సిలు ఇచ్చి నచ్చిన బొమ్మ ముందు కూర్చోనిస్తారు. నేను వెళ్లినప్పుడు ఒక అమ్మాయి నాయిక కన్నును మాత్రమే పదే పదే గీస్తుంటే, మాస్టారు పక్కన కూర్చుని రెప్ప వంపు ఎక్కడ మొదలవుతుందో వేలితో చూపిస్తున్నారు. ముందుగా కబురు పెట్టి ఉదయం పూట వెళ్లడం మేలు. అప్పుడు ఎండ అద్దాల మీద మెరవదు, బల్ల దగ్గర భూతద్దం కోసం వేచి ఉండవలసిన పని కూడా ఉండదు.