బైబిల్లో పేర్ల జాబితాలు: చదవాలా, దాటేయాలా?

బైబిల్‌ను వరుసగా చదివేవారికి మొదటి దినవృత్తాంతములు అనే పుస్తకం దగ్గర అడుగు ఆగిపోతుంది. మొదటి తొమ్మిది అధ్యాయాల నిండా దాదాపు పేర్లే.

సమయం: దాటేస్తే ఆ రోజు పఠనం చప్పున ముగుస్తుంది. చదివితే కొన్ని రోజులు పట్టవచ్చు. యేసు వంశావళి ఉన్న మత్తయి సువార్త మొదటి అధ్యాయానికైతే ఐదు నిమిషాలు చాలు.

శ్రమ: దాటేయడానికి ఏమీ అక్కర్లేదు. చదవడానికి నోరు తిరగాలి, పెన్సిలు చేతిలో ఉండాలి.

నష్టం: ఇక్కడే నా మనసు ఒకవైపు మొగ్గుతుంది. దాటేస్తే దినవృత్తాంతముల నాలుగో అధ్యాయంలో పేర్ల మధ్య హఠాత్తుగా వినిపించే యబ్బేజు ప్రార్థన తప్పిపోతుంది. మత్తయిలో తామారు, రాహాబు, రూతు అనే స్త్రీలు కనబడరు. బత్షెబను పేరుతో పిలవకుండా 'ఊరియా భార్య' అన్నాడు మత్తయి. ఊరియాను చంపించి అతని భార్యను తీసుకున్న దావీదు రాజు అన్యాయాన్ని ఆ ఒక్క మాట రాజవంశం నడుమ నిలబెట్టింది. ఎంత ధైర్యం! ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో, చెర నుంచి తిరిగొచ్చిన యూదుల్లో వంశావళిలో పేరు దొరకని యాజకులను యాజకత్వం నుంచి తప్పించారు. ఆ జనానికి జాబితా అంటే బతుకు. చదివితే ఉన్న ప్రమాదం ఒకటే, విసుగుతో పుస్తకం మూసేయడం.

మొదటిసారి చదువుతున్నవారు, కథ తెగకూడదనుకునేవారు దినవృత్తాంతముల జాబితాలను నిశ్చింతగా దాటేయవచ్చు, గుర్తు పెట్టుకుని. రెండోసారి చదివేవారు, బోధించేవారు మాత్రం చదవాలి. మత్తయి జాబితాను ఎవరూ వదలకూడదు. దాన్ని ఆదాము వరకూ వెళ్లే లూకా మూడో అధ్యాయంతో పక్కపక్కన పెట్టి చదివితే మరీ మంచిది.