పందిరి లేని ద్రాక్షతోట: ప్రాగ్‌లో ఒక సాయంత్రం

"పందిరేదిరా?" అంది అమ్మ. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు చూసిన మనిషాయె. ఇక్కడ కొండవాలు మీద వరసలుగా, ఇనపతీగలకు కట్టిన నడుమెత్తు మొక్కలు. ఎండ బాగా తగలాలని దక్షిణం వైపు వాలులో నాటారు.

చెక్ రాజధాని ప్రాగ్‌లో ఈ పేటను వినోహ్రాడీ అంటారు, అంటే ద్రాక్షతోటలు. 1358లో నాల్గో చార్లెస్ రాజు ఊరి చుట్టూ కొండల మీద ద్రాక్ష వేయమని శాసనం చేశాడు. తర్వాత ఇళ్లొచ్చి తోటలు పోయాయి. హవ్లీచ్కొవి సాడీ పార్కులో ఈ ముక్క మిగిలింది. 19వ శతాబ్దంలో మోరిట్జ్ గ్రేబె అనే రైల్వే కాంట్రాక్టరు తన బంగళా చుట్టూ వేయించుకున్న పార్కు ఇది. అందుకే జనం గ్రేబోవ్కా అంటారు.

పార్కుకు టికెట్ లేదు. 22 నంబరు ట్రామ్ ఎక్కి క్రిమ్‌స్కా దగ్గర దిగి కాస్త నడిస్తే చాలు. ఇదే ట్రామ్ ప్రాగ్ కోట వైపూ వెళ్తుంది కాబట్టి సీటు మీద ఆశ పెట్టుకోవద్దు. ఎక్కగానే ట్రామ్ టికెట్ మీద ముద్ర కొట్టించుకోండి, లేకపోతే జరిమానా.

బస మాత్రం చూసుకుని తీసుకోండి. దగ్గర్లో అద్దెకు తీసుకున్న ఫ్లాట్ శుభ్రంగానే ఉంది, కానీ లిఫ్ట్ లేని నాలుగో అంతస్తు. ఫొటోల్లో మెట్లు చూపించలేదు! అమ్మ మోకాళ్లతో మూడు రోజులు అదే టెన్షన్.

పార్కులో కృత్రిమ గుహ, ఫౌంటెన్ ఉన్నాయి. పిల్లలకు నచ్చుతాయి, నాకంతగా ఆనలేదు. తోట పైన చెక్క మంటపం మాత్రం వదలొద్దు. అక్కడ కూర్చుంటే కింద తీగల వరసలు, వాటి అవతల వర్షోవిచె పేట ఇళ్ల కప్పులు. గంటన్నర కూర్చున్నాం. చార్లెస్ వంతెన మీద తోపులాటలో పోయిన ప్రాణం లేచొచ్చింది.

వెళ్తే సెప్టెంబర్‌లోనే వెళ్లండి. అప్పుడు ఊళ్లో బుర్చాక్ అమ్ముతారు, సగం పులిసిన ద్రాక్షరసం. మన నీరాకూ కల్లుకూ మధ్యలో ఉంటుంది. తియ్యగా ఉంది కదా అని రెండో గ్లాసు తాగాను. మెట్లెక్కేటప్పుడు అమ్మే నా చెయ్యి పట్టుకుంది.