పాత జెండా: చౌరస్తాలో ఎగరేయడమా, ప్రదర్శనలో ఉంచడమా?

నిజాం పాలన ముగిసి హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 దగ్గర పడగానే విమోచనమా, విలీనమా, సమైక్యతా అన్న వాదం మళ్లీ లేస్తుంది. ఆ రోజున నిజాం కాలపు పసుపుపచ్చ ఆసఫ్‌జాహీ జెండాను చరిత్రగా చూపాలనుకునే నల్లగొండవారికి రెండు దారులున్నాయి: చౌరస్తాలో ఎగరేయడం, గదిలో ప్రదర్శనకు ఉంచడం.

ఖర్చు: చౌరస్తాకు గుడ్డ, కర్ర చాలు. ప్రదర్శనకు గది, అద్దపు పెట్టె, వివరణ పలకలు, చెప్పగలిగిన మనిషి కావాలి.

శ్రమ: మొదటిది పూట పని, రెండోది నెలల పని.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. 1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో, నిజాం పాలనలోని భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో రైతు పోరాట కార్యకర్త దొడ్డి కొమరయ్య మరణించాడు. ఆ తర్వాత నిజాంకు అండగా నిలిచిన సాయుధ దళం రజాకార్ల దాడులు చూసిన ఊళ్లకు ఆ జెండా గాయాన్ని గుర్తుచేస్తుంది. 1948లో హైదరాబాద్‌పై భారత సైనిక చర్య తర్వాత హింసకు గురైన ముస్లిం కుటుంబాల బాధ వేరు, అదీ నిజమే. గాలిలో ఎగిరే గుడ్డ ఈ రెండింటినీ చెప్పలేదు, పైగా అభిమాన ప్రకటనగానే కనిపిస్తుంది. పసుపు మధ్యనున్న తెల్లని గుండ్రని కుల్చా (రొట్టె) గుర్తు ఎక్కడిదో కింద నిలబడినవారికి ఎవరు చెబుతారు? జాతీయ పతాకం కన్నా ఎత్తున మరే జెండా ఉండరాదన్న నియమమూ ఉంది.

బడి, గ్రంథాలయం, పానగల్లు వంటి మ్యూజియం ఉన్నచోట ప్రదర్శనే సరైనది. చౌరస్తా తప్పదనుకుంటే, అన్ని వర్గాల పెద్దలు ముందే ఒప్పుకుని, అమరుల పేర్లతో కూడిన వివరణ పలక పక్కనే నిలిపిన ఊళ్లోనే అది తగుతుంది.