క్రీడా సంస్థ రాజకీయం మాట్లాడాలా, మౌనంగా ఉండాలా, ఆటగాడికి అండగా నిలవాలా: ఏది మేలు?

1968 అక్టోబరు 16. మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగు పతకాలు ఇస్తున్నారు. స్వర్ణం గెలిచిన టామీ స్మిత్, కాంస్యం గెలిచిన జాన్ కార్లోస్, ఇద్దరూ అమెరికా నల్లజాతి ఆటగాళ్లు, బూట్లు విప్పేసి నల్ల సాక్సులతో వేదిక ఎక్కారు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకే జత నల్ల గ్లవ్స్. కుడి చేతిది స్మిత్ తొడుక్కున్నాడు, ఎడమది కార్లోస్‌కి ఇచ్చాడు. తమ దేశంలో నల్లవాళ్ల మీద వివక్షకు నిరసనగా ఇద్దరూ పిడికిలి పైకెత్తారు. అందుకే ఆ ఫొటోలో ఒకరిది కుడి పిడికిలి, ఇంకొకరిది ఎడమ పిడికిలి. రజతం గెలిచిన ఆస్ట్రేలియా కుర్రాడు పీటర్ నార్మన్ చెయ్యి ఎత్తలేదు. వాళ్లకు మద్దతుగా మానవ హక్కుల బ్యాడ్జి ఒకటి ఛాతీ మీద పెట్టుకున్నాడు, అంతే.

స్మిత్‌నీ కార్లోస్‌నీ జట్టులోంచి సస్పెండ్ చేసి ఇంటికి పంపేశారు. నార్మన్‌ని 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కి ఎంపిక చేయలేదు. ఆస్ట్రేలియా పార్లమెంటు అతనికి క్షమాపణ చెప్పింది 2012లో. అప్పటికి అతను పోయి ఆరేళ్లయింది.

లీగులు, బోర్డులు, క్లబ్బులు రాజకీయ విషయాల్లో ఏదో ఒక పక్షం తీసుకోవాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ముందు ఈ ముగ్గురే కళ్ల ముందు మెదులుతారు. సంస్థల ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఎవరూ నోరు మెదపకూడదనడం. రెండు, సంస్థే ముందుకొచ్చి జెండా పట్టడం. మూడు, సంస్థ పక్కకు జరిగి, మాట్లాడే ఆటగాడికి రక్షణ ఇవ్వడం. నా ఓటు మూడోదానికే. కానీ మొదటి రెండింటిలోనూ కొట్టిపారేయలేని బలం ఉంది.

మౌనాన్ని సమర్థించేవాళ్ల మాట తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. స్టేడియంలో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరు వేర్వేరు పార్టీలకు ఓటేసినవాళ్లు కావచ్చు. ఆ మూడు గంటలు ఇద్దరూ ఒకే జట్టు కోసం అరుస్తారు. అలాంటి చోట్లు ఇప్పుడు చాలా తక్కువ మిగిలాయి. పైగా సంస్థ ఒక విషయం మీద ప్రకటన ఇచ్చిందంటే, రేపు ఇంకో విషయం మీద ఇవ్వకపోవడం కూడా ఒక ప్రకటనే అవుతుంది. ఒక్కసారి నోరు విప్పాక ఆపడం కష్టం.

ఇబ్బంది ఏమిటంటే, ఆ మౌనం అందరికీ ఒకేలా ఉండదు. క్రికెట్‌నే చూడండి. 2014లో ఇంగ్లండ్ ఆటగాడు మొయిన్ అలీ గాజాకు మద్దతుగా చేతికి బ్యాండ్లు వేసుకుంటే సొంత బోర్డు తప్పు పట్టలేదు గానీ, ఐసీసీ రిఫరీ వద్దన్నాడు. 2019 మార్చిలో రాంచీ వన్డేలో భారత జట్టు సైనిక టోపీలతో ఆడింది, దానికి ఐసీసీ అనుమతి ఉంది. అదే ఏడాది ప్రపంచకప్‌లో ధోనీ గ్లవ్స్ మీద సైనిక గుర్తు కుదరదన్నారు. 2023 డిసెంబరులో ప్రాణాలన్నీ సమానమే అని రాసుకున్న బూట్లతో దిగాలనుకున్న ఆస్ట్రేలియా ఆటగాడు ఉస్మాన్ ఖవాజాని ఆపారు. నల్ల పట్టీ కట్టుకున్నందుకు మందలించారు. ఒక్కో నిర్ణయానికి ఒక్కో కారణం ఉండొచ్చు. కొన్ని కారణాలు న్యాయమైనవే కావచ్చు. కానీ డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్న ఆటగాడికి గీత ఎక్కడుందో ముందుగా తెలియడం లేదు. గీసే చెయ్యి మాత్రం కనిపిస్తోంది.

డబ్బు అడ్డొచ్చినప్పుడు మౌనం ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. 2019 అక్టోబరులో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని హ్యూస్టన్ రాకెట్స్ జట్టు జనరల్ మేనేజర్ డారిల్ మోరీ హాంకాంగ్ ఆందోళనకారులకు మద్దతుగా ఒకే ఒక ట్వీట్ పెట్టి, వెంటనే తీసేశాడు. చైనా ప్రభుత్వ టీవీ ఎన్‌బీఏ మ్యాచ్‌ల ప్రసారం ఆపేసింది, అక్కడి స్పాన్సర్లు వెనక్కి తగ్గారు. సొంత దేశంలో సామాజిక న్యాయం గురించి ధైర్యంగా మాట్లాడే లీగ్ ఆ వారమంతా నీళ్లు నమిలింది.

మరి సంస్థే గట్టిగా నిలబడితే? దీనికి అందరూ చూపించే ఉదాహరణ దక్షిణాఫ్రికా. వర్ణవివక్ష విధానం వల్ల 1970 నుంచి 1991 దాకా ఆ దేశం అంతర్జాతీయ క్రికెట్‌కి దూరమైంది. 1974 డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్లో దక్షిణాఫ్రికాతో ఆడటానికి నిరాకరించి భారత్ కప్పునే వదిలేసుకుంది. ఆ నిర్ణయాలు సరైనవేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయితే అక్కడ ఒక తేడా ఉంది. ఆ అన్యాయం ఆట లోపలే జరిగింది. కేప్ టౌన్‌లో పుట్టిన బాసిల్ డి ఒలివీరా, ఒంటి రంగు కారణంగా సొంత దేశం తరఫున ఆడలేక ఇంగ్లండ్ వెళ్లి ఆ జట్టులో చోటు సంపాదించాడు. 1968లో అతనున్న జట్టును రానివ్వబోమని దక్షిణాఫ్రికా ప్రధాని అనడంతో పర్యటనే రద్దయింది. ఎవరు బ్యాట్ పట్టాలో రంగు చూసి తేలుస్తుంటే, దాని గురించి క్రికెట్ బోర్డు కాక ఇంకెవరు మాట్లాడాలి?

ఇంటి గుమ్మం దాటినప్పుడే చిక్కు మొదలవుతుంది. 2021 టీ20 ప్రపంచకప్‌లో వెస్టిండీస్‌తో మ్యాచ్ రోజు ఉదయం, వర్ణవివక్షకు వ్యతిరేకంగా ఆటగాళ్లంతా మోకాలి మీద నిలబడాలని దక్షిణాఫ్రికా బోర్డు ఆదేశించింది. క్వింటన్ డి కాక్ ఆ మ్యాచ్ నుంచి తప్పుకున్నాడు. రెండు రోజులకి క్షమాపణ చెప్పాడు. తన సవతి తల్లి నల్లజాతి మనిషి అని, నల్లవాళ్ల ప్రాణాల విలువ తనకు పుట్టినప్పటి నుంచీ తెలుసని, ఇలాగే చేయమని చెప్పడమే బాధించిందని వివరించాడు. తర్వాతి మ్యాచ్‌లో అందరితో పాటు మోకాలి మీద నిలబడ్డాడు. ఆ సంజ్ఞ ఎంత మంచిదైనా సరే, సర్క్యులర్ పంపి చేయించినప్పుడు అందులో ఏం మిగిలింది? ఎవరు నమ్మి చేశారో, ఎవరు ఉద్యోగం కోసం చేశారో చూసేవాళ్లకు ఇక తెలియదు.

అభిమాని వైపు నుంచి కూడా ఒక మాట. ఆటగాడు చెప్పింది నాకు నచ్చకపోతే అతనితో విభేదించి కూడా అదే జట్టుకు చప్పట్లు కొడతాను. క్లబ్బే ఆ మాట అంటే, నేను వేసుకున్న జెర్సీ నా తరఫున మాట్లాడినట్టవుతుంది. ఇది చిన్న తేడా కాదు.

ఇక నిలబడతామన్నవాళ్లు ఎంతసేపు నిలబడ్డారు? 2022 ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఏడు యూరప్ జట్ల కెప్టెన్లు, స్వలింగ సంపర్కుల మీద వివక్షతో సహా అన్ని వివక్షలకూ వ్యతిరేకంగా వన్‌లవ్ పట్టీ కట్టుకుంటారని ముందే ప్రకటించారు. పట్టీ కడితే కెప్టెన్‌కు ఎల్లో కార్డ్ పడొచ్చని ఫిఫా హెచ్చరించగానే అన్ని సంఘాలూ విరమించుకున్నాయి. జర్మనీ ఆటగాళ్లు మాత్రం జపాన్‌తో మ్యాచ్‌కి ముందు టీమ్ ఫొటోలో నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. సంఘం చేయలేనిది ఆటగాళ్లు పది సెకన్లలో చేసి చూపించారు.

దీనికి భిన్నంగా మహిళల టెన్నిస్ సంస్థ డబ్ల్యూటీఏ ఉంది. 2021 నవంబరులో క్రీడాకారిణి పెంగ్ షువాయ్ చైనా మాజీ ఉప ప్రధాని మీద లైంగిక దాడి ఆరోపణ చేసి, ఆ తర్వాత కొన్నాళ్లు బయట కనిపించలేదు. అలాంటిదేమీ లేదని ఆమె పేరుతో తర్వాత ఒక ప్రకటన వచ్చినా, ఆ మాట స్వేచ్ఛగా చెప్పిందో లేదో తేలాలని పట్టుబట్టి, డిసెంబరులో డబ్ల్యూటీఏ చైనా టోర్నీలన్నీ ఆపేసింది. చైనా టోర్నీల డబ్బు ఆ సంస్థకు ప్రాణవాయువు లాంటిది. 2023 ఏప్రిల్‌లో, అడిగినవి నెరవేరకుండానే వెనక్కి వస్తున్నట్టు చెప్పారు. గెలవలేదు, నిజమే. అయినా సంస్థ మాట్లాడటం అంటే నాకు ఇదే. తన మనిషి కోసం, తన జేబులోంచి పోగొట్టుకుని మాట్లాడింది.

ఇప్పుడు మూడో దారి. ఆటగాళ్ల ఇష్టం అని వదిలేయడం వినడానికి సులువుగానే ఉంటుంది. 2003 ప్రపంచకప్‌లో హరారేలో జింబాబ్వే ఆటగాళ్లు ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలొంగా తమ దేశంలో ప్రజాస్వామ్యం చనిపోయిందని నల్ల పట్టీలు కట్టుకున్నారు. ఆ కప్పుతోనే ఇద్దరి అంతర్జాతీయ కెరీర్లూ ముగిశాయి, ఒలొంగా దేశమే వదలాల్సి వచ్చింది. 2016లో నల్లవాళ్ల మీద వివక్షకు నిరసనగా జాతీయ గీతం వేళ మోకాలి మీద కూర్చున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కెపర్నిక్‌కి మరుసటి సీజన్ నుంచి ఏ జట్టూ కాంట్రాక్టు ఇవ్వలేదు. ఆటగాళ్ల మాట ముందే వినకపోవడం తప్పేనని ఆ ఆట లీగ్ ఎన్ఎఫ్ఎల్ కమిషనర్ ఒప్పుకున్నది 2020 జూన్‌లో. రక్షణ లేకుండా స్వేచ్ఛ ఇవ్వడం అంటే పేరు మార్చిన మౌనమే.

సరిగ్గా జరిగిన సందర్భం కూడా ఒకటుంది. 2020 ఆగస్టు 26న, జేకబ్ బ్లేక్ అనే నల్లజాతి వ్యక్తి మీద పోలీసు కాల్పులకు నిరసనగా ఎన్‌బీఏ జట్టు మిల్వాకీ బక్స్ ఆటగాళ్లు ప్లేఆఫ్ మ్యాచ్‌కి డ్రెస్సింగ్ రూమ్‌లోంచి బయటికే రాలేదు. తమకు ముందుగా తెలియదని, తెలిస్తే మనస్ఫూర్తిగా ఒప్పుకునేవాళ్లమని ఓనర్లు ప్రకటన ఇచ్చారు. లీగ్ దాన్ని ఓటమిగా రాయలేదు, ఆ రోజు మ్యాచ్‌లన్నీ వాయిదా వేసింది. చర్చల తర్వాత, వీలైన చోట్ల స్టేడియాలను పోలింగ్ కేంద్రాలుగా వాడుకునేందుకు ఒప్పుకుంది. ఓటు ఎవరికి వేయాలో ఎవరూ చెప్పలేదు.

యుద్ధాల విషయం కష్టం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి జరిగాక, రష్యాతో ఫుట్‌బాల్ ఆడబోమని ముందు తేల్చేసింది పోలాండ్. ఫిఫా మొదట జెండా, గీతం లేకుండా ఆడొచ్చంది. మర్నాడు, 28న, యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏతో కలిసి రష్యా జట్లను సస్పెండ్ చేసింది. నిర్ణయం సరైనదే. కానీ ఏ దాడికి నిషేధం, దేనికి కాదు అన్న నియమం ముందే రాసి ఉంటే, మిగతా యుద్ధాల బాధితులు మా సంగతేమిటని అడిగినప్పుడు చూపించడానికి ఒక కాగితమైనా ఉండేది.

కాంట్రాక్టు రాసే అవకాశం నాకొస్తే, పార్టీల గురించి, ఎన్నికల గురించి సంస్థ మాట్లాడకూడదని రాస్తాను. తన ఆటగాళ్లు, తన ప్రేక్షకులు, తన స్టేడియాలు కట్టిన కూలీల హక్కుల మీద మాత్రం మాట్లాడి తీరాలని రాస్తాను. హింసకు, ద్వేషానికి పిలుపు ఇవ్వనంత వరకు ఆటగాడి సొంత మాటకి జరిమానా ఉండదని రాస్తాను. పెద్ద స్టార్‌కి ఇవేవీ అక్కర్లేదు, అతన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. మొదటి ఏడాది కాంట్రాక్టులో ఉన్న కుర్రాడి కోసం ఇంకో వాక్యం కలుపుతాను: నోరు విప్పిన ఏడాదిలోపు అతన్ని జట్టు నుంచి తప్పిస్తే, ఎందుకు తప్పించారో సెలెక్టర్లు రాతపూర్వకంగా అతని చేతికి ఇవ్వాలి. 1972లో నార్మన్‌కి అలాంటి కాగితం ఎవరూ ఇవ్వలేదు.