బాస్ చేప కోసం చేసిన కప్ప, మడ్డువలసలో

మాది రాజాం. ఏప్రిల్‌లో 3,450 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక బాస్ ఫిషింగ్ కాంబో తెప్పించాను. (ఆ యాప్‌లో మేం ఇంకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నాం. 2022లో విజయనగరంలో కలిపేశారని వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.) ఆరున్నర అడుగుల రెండు ముక్కల రాడ్, బెయిట్‌కాస్టింగ్ రీల్, అల్లిక దారం, మూడు రబ్బరు కప్పలు వచ్చాయి. నాలుగు నెలలు వాడాక రాస్తున్నాను.

బాస్ అమెరికా మంచినీటి చేప. మన చెరువుల్లో లేదు. అయినా కొన్నానంటే, దాని బుద్ధి చాలావరకు మన కొర్రమీను బుద్ధే. తామరాకుల కిందో, మునిగిన మోడు పక్కనో కదలకుండా పొంచి ఉంటుంది. నెత్తిమీద కప్పో చిన్న చేపో కదిలిందా, ఒక్క ఉదుటున లేచి మింగేస్తుంది.

ముందు కప్ప సంగతి చెప్తాను. పెట్టె మొత్తంలో డబ్బు పెట్టదగ్గది అదొక్కటే. లోపల బోలు. రెండు గేలాలు వీపుకి అంటుకుని పైకి తిరిగి ఉంటాయి కాబట్టి గుర్రపుడెక్క మీద ఈడ్చినా నాచు పట్టదు. చేప కరిచినప్పుడు రబ్బరు నొక్కుకుపోయి గేలాలు బయటపడతాయి. మడ్డువలస రిజర్వాయర్ వెనక నీళ్లలో మొదటిసారి విసిరినప్పుడు, అక్కడ చేపల సొసైటీలో పనిచేసే ఒక తాత నవ్వాడు. "ఏటి మాస్టారూ, రబ్బరు కప్పకి కొర్రమీను పడతాదేటి? బతికిన కప్ప కట్టాల గానీ!" నాలుగో విసురుకి నీళ్లు భళ్లుమన్నాయి. కంగారులో వెంటనే లాగేశాను, కప్ప ఖాళీగా ఎగిరొచ్చి నా చొక్కాకి తగులుకుంది. అలా మూడు చేపలు పోయాయి. కప్ప మాయమైనా ఆగాలి. దారంలో బరువు తెలిశాకే గట్టిగా లాగాలి.

తాత నేర్పినది ఇంకోటుంది, అది పెట్టెలోని కాగితంలో లేదు. కొర్రమీను గాలి కోసం పైకి రాక తప్పదు. బాస్‌కి ఆ అవసరం లేదు. గుటక వేసిన చోటు చూసుకుని, దాని నెత్తిన కాకుండా రెండు బారలు అవతల వేసి, మెల్లగా ఇటు ఈడ్చాలి. "మళ్లీ వస్తాది, కంగారేటి?" అంటాడాయన.

ఆ కాగితం వేరే కథ. నీళ్లు 60 డిగ్రీలు దాటితే చేపలు గూళ్లు కడతాయని ఉంది. 60 డిగ్రీల నీళ్లలో చేప ఉడుకుతుంది గానీ గూడెక్కడ కడుతుంది అనుకున్నాను. అది ఫారెన్‌హీట్ అట, మన లెక్కలో పదిహేనున్నర. రాజాంలో కుండలో నీళ్లు కూడా అంత చల్లగా ఉండవు. మగ బాస్ గూడు కాపలా కాస్తుంది, దాని మీద కప్ప వేస్తే కోపంతో కరుస్తుందనీ రాశారు. మన దగ్గర వానలు పడ్డాక ఎర్రటి కొర్రమీను పిల్లలు గుంపుగా పైకి తేలతాయి, కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ వేస్తే ఆకలి లేకపోయినా కరుస్తాయి. నేను విసరబోతే తాత రాడ్ పట్టుకుని ఆపాడు. పెద్దవి పోతే ఆ పిల్లల్ని పక్క చేపలు ఒక్క పూటలో ఊడ్చేస్తాయి.

ఆ కాగితంలోనే ఒక బొమ్మలో బాస్ కింది పెదవిని బొటనవేలితో పట్టి ఎత్తుతున్నాడు ఒకాయన. దాని పళ్లు గరుకు కాగితంలా ఉంటాయి, అతనికి చెల్లింది. నేను కిలోంబావు కొర్రమీనుకి అదే పని చేసి టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నాను. తడి గుడ్డతో పట్టుకోండి, గేలం తియ్యడానికి కటింగ్ ప్లేయర్ ఉంచుకోండి.

రీల్ మాత్రం దండగ. ఈ రకంలో విసిరినప్పుడు చక్రమే తిరుగుతుంది. కప్ప గాల్లో నెమ్మదించినా చక్రం నెమ్మదించకపోతే దారం పిచ్చుక గూడైపోతుంది. దాన్ని ఆపడానికి అయస్కాంతపు బ్రేక్ ఉంటుంది. నాకొచ్చినదాంట్లో 2 మీద పెట్టినా 10 మీద పెట్టినా ఒకటే. బొటనవేలు ఆనించి అలవాటు చేసుకునేసరికి సగం దారం కోసి పారేశాను. వాపసు అడిగితే "నీళ్లలో వాడేశారు కదా సార్" అన్నారు. చేపలు పట్టే రీలు మరి!

రాడ్ పర్వాలేదు, గట్టిది, నాచులోంచి చేపని లాగుతుంది. గేలాలు రెండు వారాలకే తుప్పు పట్టాయి. కప్ప లోపలికి నీళ్లు చేరుతాయి, నాలుగైదు విసుర్లకోసారి పిండాలి.

మొత్తానికి ఐదుకి రెండున్నర. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కాంబో జోలికి పోకండి. విడిగా కప్పలు కొనుక్కుని, విసిరినప్పుడు చక్రం తిరగని మామూలు స్పిన్నింగ్ రీలు పెట్టుకోండి. చెరువు సొసైటీ వేలంపాటలో ఉంటే ముందు వాళ్లనడిగి దిగండి. నా మూడు కప్పల్లో పచ్చది ఇప్పుడు తాత దగ్గరే ఉంది, తిరిగివ్వలేదు.