రెండంగుళాల లిఫ్ట్ కిట్: స్ప్రింగులు మారిస్తే పని అయిపోదు

బండిని రెండంగుళాలు పైకి లేపే ఈ కిట్ మీద నా ఫిర్యాదు ఒక్కటే, కానీ చిన్నది కాదు. పెట్టెలో నాలుగు స్ప్రింగులు, నాలుగు షాక్‌లు ఉన్నాయి. బండి ఎత్తు పెరిగాక స్టీరింగ్‌ను మళ్లీ దారికి తెచ్చే సామాను ఒక్కటీ లేదు. బిగించిన చోట కూడా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) కూడా చేసేశామని చెప్పి తాళం చేతిలో పెట్టారు.

నాది ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు), కాయిల్ స్ప్రింగులు ఉన్న బండి. మొదట్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఈ కిట్ గురించి తెగ పొగిడాను. గట్టు ఎక్కేటప్పుడు బంపర్ తగలడం మానేసింది. మిట్ట దాటుతుంటే బండి పొట్ట ఆనడం బాగా తగ్గింది. అవి ఇప్పటికీ నిజమే. అయితే ఎత్తు పెరిగింది బాడీకీ ఛాసిస్‌కీ మాత్రమే. యాక్సిల్‌లో కిందికి పొడుచుకొచ్చి ఉండే డిఫరెన్షియల్ (చక్రాలకి శక్తి పంచే గేర్ల డబ్బా) నేలకి ఎంత ఎత్తులో ఉండేదో ఇప్పుడూ అంతే ఎత్తులో ఉంది. దాన్ని పైకి లేపేది పెద్ద టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే. చక్రాల జాడల మధ్య రాళ్లు లేచి ఉన్న దారుల్లో ఈ కిట్ వల్ల నాకు ఒరిగిందేమీ లేదు.

అసలు దెబ్బ తగిలింది ట్రైల్‌లో (రాళ్లూ మట్టీ ఉన్న దారిలో) కాదు, తారు రోడ్డు మీద. ట్రైల్ కోసం టైర్లలో తగ్గించిన గాలిని మళ్లీ నింపుకుని ఇంటిదారి పట్టాం. స్పీడు 70 దగ్గర ఉంది. వంతెన మొదట్లో ఉండే అతుకు మీద ఎడమ చక్రం టక్కుమంది. ఒక కుదుపుతో పోవాల్సింది, పోలేదు. ముందు చక్రాలు రెండూ కుడికీ ఎడమకీ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. స్టీరింగ్ చేతుల్లో నిలవడం లేదు, డ్యాష్‌బోర్డు మీది ఫోను ఎగిరి కింద పడింది, వెనక సీట్లోవాళ్లు టైరు ఊడిపోయిందనుకుని అరిచారు. దీన్నే డెత్ వాబుల్ అంటారు. ఒకసారి పట్టుకుంటే స్పీడు బాగా తగ్గించేదాకా వదలదు. నాకు 30 కిందికి వచ్చాకే ఆగింది. పక్కకి తీసి చూస్తే నట్లన్నీ బిగుతుగానే ఉన్నాయి, టైర్లూ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత ఇల్లు చేరేవరకు ప్రతి గుంతకీ టెన్షనే.

బిగించినవాళ్లు స్టీరింగ్ డ్యాంపర్ మార్చమన్నారు. మార్పించాను. కొన్నాళ్లు సద్దుమణిగి మళ్లీ వచ్చింది. డ్యాంపర్ ఆ ఊపుని కాస్త అణచగలదు గానీ, ఊపు ఎక్కడ పుడుతోందో దానికి పట్టదు. వేరే చోట అలైన్‌మెంట్ మెషీన్ మీద పెట్టించి మొత్తం లెక్కలు ప్రింట్ తీసివ్వమన్నాను. టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిగ్గా ఉంది, మొదటివాళ్లు చూసింది బహుశా అదొక్కటే. క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం) మాత్రం కంపెనీ లెక్క కంటే దాదాపు మూడు డిగ్రీలు తక్కువ. స్ప్రింగు పొడవు పెరిగితే రేడియస్ ఆర్మ్ (యాక్సిల్‌ని ఛాసిస్‌కి ముందువెనకలుగా పట్టి ఉంచే కడ్డీ) వాలు పెరుగుతుంది, దాంతో యాక్సిల్ పైభాగం ముందుకి తిరుగుతుంది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకి వచ్చే గుణం అక్కడే పోతుంది. పైగా వాలు పెరిగిన పానార్డ్ రాడ్ (యాక్సిల్ అటూ ఇటూ జరగకుండా పట్టే అడ్డకడ్డీ) యాక్సిల్‌ని ఒక పక్కకి లాగింది. ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని నేను బండి కింద పడుకుని చూశాను. ఆ రాడ్ చివర బోల్టు చుట్టూ ఉండే బుష్‌లో రబ్బరు ఇనప గొట్టం నుంచి విడిపోయింది. స్టీరింగ్ తిరిగిన ప్రతిసారీ బోల్టు చుట్టూ రాడ్ కదలడం స్పష్టంగా కనిపిస్తోంది.

క్యాస్టర్ సరిచేసే ఆఫ్‌సెట్ బుష్‌లు, పొడవు సర్దుకునే పానార్డ్ రాడ్ వేయించాక ఆ జబ్బు మళ్లీ రాలేదు. స్టీరింగ్ కూడా తనే మధ్యకి వస్తోంది. ఈ రెండూ కిట్‌తో పాటే ఇవ్వాల్సినవి అని నేనిప్పటికీ అంటాను.

స్ప్రింగుల గురించి కూడా మొదట్లో చెప్పినంత గొప్పగా ఇప్పుడు చెప్పలేను. ముందు స్టీలు బంపర్, విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), వెనక నిండా సామాను ఉంటే బాగుంటాయి. ఖాళీ బండికి గట్టిగా ఉండి, వంకర నేల మీద చక్రం త్వరగా గాల్లోకి లేస్తుంది. మా అమ్మకి ఎక్కడం కష్టమై సైడ్ స్టెప్ పెట్టించాను. ఇప్పుడు రాళ్లకి ముందుగా తగిలేది అదే.

నేను ఈ కిట్ తీసేయడం లేదు. నా బండి ఎప్పుడూ బరువు మీదే తిరుగుతుంది, ఎత్తు నాకు అవసరం. వారమంతా ఆఫీసుకి నడిపి ఎప్పుడో ఒకసారి మట్టిదారి ఎక్కేవాళ్లైతే ముందు మంచి టైర్లు వేసి, ట్రైల్‌లో గాలి తగ్గించి చూడండి. అది చాలక లిఫ్టే కావాలంటే, బిగించకముందూ బిగించాకా క్యాస్టర్ లెక్క కాగితం మీద ఇమ్మని అడగండి. ఇవ్వలేమంటే బండి అక్కడ వదలొద్దు.