ఇంక్‌స్కేప్‌తో తెలుగు డ్రాప్ క్యాప్: ఎక్కడ భేష్, ఎక్కడ జాగ్రత్త

కథ మొదట్లో నాలుగు వరుసల ఎత్తున, చుట్టూ లతలతో కనిపించే పెద్దక్షరం (డ్రాప్ క్యాప్) గీయడానికి కోరల్‌డ్రా కొనక్కర్లేదు. ముద్రణ ఒక్క రంగులోనే అయితే ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ పూర్తిగా సరిపోతుంది. ఇక్కడ రాస్తున్నది 1.3, 1.4 వెర్షన్ల గురించి.

అన్నిటికన్నా ముందు మెచ్చుకోవాల్సింది యూనికోడ్ తెలుగును అది చూపించే తీరు. శ్రీ, క్షీ, స్త్రీ ఏది కొట్టినా ఒత్తులూ గుడులూ చెదరకుండా తమ చోట కూర్చుంటాయి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉన్న పాత అక్షరమే కావాలంటే దాన్ని కోరల్‌లోనే కంట్రోల్+క్యూతో కర్వ్స్‌గా (ఫాంటుతో పనిలేని గీతలుగా) మార్చి, ఇంక్‌స్కేప్ తెరవగల ఎస్‌వీజీ ఫైలుగా తెచ్చుకోండి. అక్షరం లోపల పువ్వులు, ముగ్గులు నింపాలనుకుంటే రామభద్ర లాంటి లావు ఫాంటు తీసుకోవాలి. సన్నగీతల ఫాంటులో ఏదీ పట్టదు.

కొలత దగ్గర తెలుగుకు ఇంగ్లీషు లెక్క పనికిరాదు. 12 పాయింట్ల అక్షరం, 18 పాయింట్ల లీడింగ్ (వరుసకూ వరుసకూ మధ్య దూరం) ఉన్న పేజీలో నాలుగు వరుసల ఫ్రేము సుమారు 24 మి.మీ. చతురస్రం అవుతుంది. అక్షరాన్ని గుడి, ఒత్తులతో సహా ఫ్రేము నిండా సాగదీస్తే ఒక కథకు ‘అ’ భారీగా, పక్క కథకు ‘స్త్రీ’ పీలగా వస్తాయి. పుస్తకం మొత్తానికీ ప్రధానాక్షరం ఎత్తు 12 మి.మీ. దగ్గర స్థిరంగా ఉంచి, పైనా కిందా ఖాళీ వదలండి. జంట ఒత్తులు అప్పటికీ కిందికి దిగితే ఫ్రేము అడుగు గీతను అక్కడ తెంపి, ఐదో వరుసను కూడా కొంచెం పక్కకు జరపాలి.

అక్షరం టైపు చేశాక షిఫ్ట్+కంట్రోల్+సి నొక్కితే పాత్‌గా, అంటే గీతల ఆకారంగా మారుతుంది. షిఫ్ట్+కంట్రోల్+జితో గ్రూపు విడదీసి, అన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్+ప్లస్‌తో యూనియన్ చేయాలి, అంటే ఒకే ఆకారంగా కలపాలి. చాలామంది దాటేసేది ఈ ఆఖరి మెట్టునే. చాలా ఫాంట్లలో ఒత్తు, గుడి వేరే ముక్కలుగా వచ్చి అసలు అక్షరం మీదికి ఎక్కి ఉంటాయి. యూనియన్ చేయకుండా అవుట్‌లైన్ ఇస్తే అవి కలిసే చోట అక్షరం కడుపులో అడ్డగీతలు తేలతాయి. పాత్‌ను ముక్కలు చేసే బ్రేక్ అపార్ట్ జోలికి పోవద్దు, ‘ర’ లోపలి బోలు పూడిపోతుంది. పొరపాటున నొక్కితే ఆ ముక్కలను కంట్రోల్+కెతో మళ్లీ కలపండి.

లతలు గీయడం ఈ సాఫ్ట్‌వేర్‌లో నిజంగా హాయి. పెన్ టూల్ షేప్‌లో ‘ట్రయాంగిల్ ఇన్’ ఎంచుకుంటే తీగ ఒక కొస లావుగా మొదలై రెండో కొసకు సన్నబడుతూ పోతుంది. ఆకు ఒక్కటి గీసి ఆల్ట్+డితో క్లోన్లు (మొదటిదానికి ముడిపడిన నకళ్లు) పరిస్తే, మొదటి ఆకును సరిదిద్దగానే అన్నీ మారతాయి. అక్షరం వెనక నుంచి తీగ పోయేచోట మాత్రం కాస్త ఓపిక కావాలి. ముందు క్లోన్లను విడదీసి, తీగను పాత్‌గా మార్చి, ఆకులతో కలిపి యూనియన్ చేయండి. ఆ తర్వాత అక్షరం నకలును అవుట్‌సెట్‌తో 0.5 మి.మీ. ఉబ్బించి, తీగ మీద పెట్టి కంట్రోల్+మైనస్ నొక్కితే చుట్టూ సన్నటి తెల్లని సందు మిగులుతుంది. ఆ సందు లేకపోతే ముద్రణలో సిరా పాకి తీగా అక్షరమూ ఒకే ముద్దగా కనిపిస్తాయి.

పెద్దగా గీసి తర్వాత కుదించే అలవాటుంటే, సెలెక్ట్ టూల్ పైపట్టీలో గీత మందాన్ని కూడా కుదించే బటన్ నొక్కి ఉందో లేదో చూడాలి. లేకపోతే 100 మి.మీ. బొమ్మలోని 1 మి.మీ. గీత 24 మి.మీ.లోనూ 1 మి.మీ.గానే ఉండి ఆకులన్నీ మూసుకుపోతాయి.

పెద్ద లోపం రంగుల్లో ఉంది. పీడీఎఫ్ ఆర్‌జీబీలోనే (తెర రంగుల పద్ధతిలోనే) వస్తుంది. దాన్ని ప్రెస్సులో నాలుగు సిరాల పద్ధతి అయిన సీఎంవైకేకి మార్చినప్పుడు నలుపు నాలుగు సిరాల మిశ్రమంగా మారి, ప్లేట్లు రవ్వంత జరిగినా సన్నతీగల అంచున రంగులు కనిపిస్తాయి. ఎస్‌వీజీని పేజీలు కూర్చే స్క్రైబస్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి ఆ నలుపును కె 100గా (నల్ల సిరా ఒక్కటే ఉండేలా) మార్చాకే ప్రెస్సుకు పంపండి.

బ్లర్ నీడలు వద్దు. పీడీఎఫ్‌లో ఆ భాగం బిట్‌మ్యాప్ (చుక్కల బొమ్మ) అయిపోతుంది, ఎక్స్‌పోర్ట్‌లో డీపీఐ (అంగుళానికి చుక్కలు) పెంచకపోతే మసకగా పడుతుంది. నీడ కావాల్సిన చోట అక్షరం నకలును 0.7 మి.మీ. పక్కకు జరిపి, అందులో 0.25 పాయింట్లకు తగ్గని అడ్డగీతలు నింపితే సాదా కాగితం మీద కూడా శుభ్రంగా అచ్చవుతుంది.